పటంలో బూడిద చుక్క

జూన్ 3

ఇంటి లెక్కలు కంప్యూటరులో ఉన్నాయి. గ్యాసు, పాలు, కరెంటు, కూతురు చైత్ర బస్ పాసు, అన్నీ ఆడే. ఈ డైరీలో ఒక్క మనిషి గురించే రాయాలని తెరిచినాను. చెన్నమ్మ అక్క. ఈయన అన్నగారి భార్య.

నిన్న కృష్ణగిరిలో పేరు పెట్టే పండగ. పంక్తిలో కూర్చున్నాము. ఎవరో పెద్దామె అడిగింది, "ఈసారి పట్టుగూళ్ళు ఎట్లొచ్చినాయి చెన్నమ్మా?" అని.

"యాడ గూళ్ళమ్మా. పట్టుపురుగులన్నీ నల్లబడి రాలిపోయినాయి. మూడు దినాలు బయటుండాల్సిన మనిషి షెడ్డులోకొచ్చి ఆకు పరిస్తే పురుగు బతుకుతుందా?"

నా పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. పురుగులు చచ్చే ముందు ఆదివారం వాళ్ళ ఊరు కొత్తూరు పోయి వాళ్ళ షెడ్డులో ఆకు పరిచింది నేనొక్కదాన్నే అని అందరికీ తెలుసు. పంక్తిలో ఉండేవాళ్ళంతా నా విస్తరి వైపు చూసినారు.

నాకు పోయిన దసరాకు ముందే ఆగిపోయింది. డాక్టరమ్మ కూడా చెప్పింది, ఇంక రాదని. ఆ మాట పంక్తిలో ఎట్లా చెప్పేది? వడ్డించేవాళ్ళంతా మగవాళ్ళు. తెలిసిన మనిషి ఒక్కరే ఉండినారు, సరిగ్గా నా ఎదురుగా.

ఈయన సాంబారు ఇంకొంచెం వెయ్యమన్నారు.

నేనేమీ అనుకోలేదు. తల్లి పోయినాక ఈయనను పెంచింది ఆ వదినే. ఎదురు మాట్లాడడం ఈయనకు రాదు.

చెన్నమ్మ అక్కను మాత్రం వదలను.


జూన్ 5

నిదానంగా ఆలోచించాలి. కోపంలో లెక్క తప్పుతుంది.

పురుగులు పొర విడిచే నాలుగో నిద్ర లేచి తెగ తినే రోజులవి. ఆ రోజుల్లో తడి ఆకు వేస్తే రెండు మూడు దినాలకు మెత్తబడి, నల్లబడి చస్తాయి. ఈ తాలూకాలో పట్టు పెంచే ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి. పురుగులు చచ్చింది బుధవారం. అంటే తడి ఆకు పడింది ఆదివారం, మే 19న.

ఆ రోజు ఆకు రెండుసార్లు కోసినారు. బావా అక్కా శనివారమే కావేరిపట్టణంలో చావుకు పోయినారు. అందుకని పొద్దున ఆకు ఈయన కోసినారు. ఫ్యాక్టరీకి సెలవు రోజు కూడా ఐదు గంటలకే మా హోసూరు నుంచి బండిలో పోయినారు పాపం. నేను బస్సులో మధ్యాహ్నానికి చేరి, ఆ ఆకునే తట్టల్లో పరిచినాను. అప్పటికి వాళ్ళిద్దరూ వచ్చేసినారు. ఆకు తడిగానే తగిలింది, కాని వాడకుండా దానిమీద తడి గోనెపట్టా కప్పుతారు. ఆ తడే అది. మూడు గంటలకు నేను బస్సెక్కినాను. ఆ తరువాత సాయంత్రం మేతకు ఆకు కోసింది అక్క.

ఈయనను అడిగినాను, "మీరు కోసినప్పుడు వానేమైనా ఉండిందా?"

"ఒక్క చుక్క లేదు" అన్నారు.

కాబట్టి సాయంత్రమే. నేను బస్సెక్కినాక వాన పడింది. ఆమె తడి ఆకు కోసి వేసింది. పురుగు చస్తే నా మీద వేసింది.

దాన్ని చూపించాలి. చెప్తే కాదు, చూపించాలి.

మా వైపు వాన రోడ్డుకు ఈ పక్క పడితే ఆ పక్క పడదు. ఫోన్లో చూస్తే అన్ని ఊర్లకూ కలిపి ఒకే అంకె. ఊరూరికీ విడిగా, గంట గంటకూ, వాన యాడ పడిందో యాడ పడలేదో చూపించే పటం ఒకటి కావాలి.


జూన్ 9

చైత్రకు ఆదివారం సెలవు. బెంగళూరులో ఆమె ఆఫీసు పనే పటాలు చెయ్యడం. పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకున్నాను. నేను లెక్కలు రాసే లాంటి పట్టికే. ఒక్కో వరుసలో ఊరు, తేదీ, గంట, ఎన్ని మిల్లీమీటర్లు. పట్టికలో నింపితే పటంలో ఆ ఊరి చుక్క రంగు మారుతుంది. వాన పడితే నీలం, పడకపోతే పసుపు, ఏ కబురూ లేకపోతే బూడిద రంగు. కింద తేదీకి ఒక గీత, గంటకు ఒక గీత. వేలితో జరపవచ్చు. చుక్కను నొక్కితే వివరం తెరుచుకుంటుంది.

"అమ్మా, ఇదంతా నీకెందుకు?"

"పట్టు రైతులకు పనికొస్తుంది. పొద్దున్నే ఆకు తడిసిందా లేదా తెలుస్తుంది."

"పెద్దమ్మ మాటకేనా?"

"ఆ గీత జరపడం ఇంకోసారి చూపించు" అన్నాను.


జూన్ 10

ఈ రోజు ఎవరిమీదా కోపం లేదు. పటంలో కెలమంగలం చుట్టూ ఊర్లన్నీ పెట్టినాను.


జూన్ 23

వాన కొలిచేది ఎవరు? దీనికే ఇన్ని దినాలు పట్టింది. చివరికి పాలు పోసే కేంద్రాలు గుర్తుకొచ్చినాయి. ప్రతి ఊర్లో ఒకటి ఉంది. తెల్లవారితే తెరవాలి, సాయంత్రం తెరవాలి, పండగైనా మూయకూడదు. కొలిచే చెయ్యి, రాసే అలవాటు ఉన్నవాళ్ళు.

మొదట సుగంధికి ఫోన్ చేసినాను. బైరపల్లి కేంద్రం ఆమెది, బావ వాళ్ళ కొత్తూరుకు పక్క ఊరు. నిలువు గోడలుండే డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, నిలిచిన నీళ్ళలో స్కేలు ముంచి చెప్పమన్నాను.

"ఇన్నేండ్లూ పాలల్లో నీళ్ళెంత అనే అడిగినారు రేణక్కా. వానలో నీళ్ళెంత అని అడిగేది నువ్వొక్కదానివే" అని నవ్వింది. ఒప్పుకుంది. మిగిలిన కేంద్రాలవాళ్ళను ఆమే చేర్పించింది.


జూన్ 30

నిన్న మంచి వాన. అందరూ పంపినారు. సెల్వం ఒక్కడు సున్నా అని పంపినాడు. చుట్టూ నీలం, నడుమ వాడి ఊరు పసుపు.

"సెల్వం, డబ్బా యాడ పెట్టినావప్పా?"

"పంచ కింద అక్కా. కొత్త డబ్బా కదా, తడిసిపోతుందని."


జూలై 14

పొద్దున ఏడింటికల్లా పటం సిద్ధం చేస్తున్నాను. పట్టువాళ్ళ వాట్సాప్ గుంపులో దానికోసం కాచుకుంటున్నారు. తమ తోట ఉండే వైపు నీలం ఉంటే కొడవలి తియ్యరు, ఎండ వచ్చి ఆకు ఆరేదాకా ఆగుతారు. తోట రెండు మూడు మైళ్ళ దూరంలో ఉండేవాళ్ళకు ఇది చాలా మేలంట. ఎవరెవరో ఫోన్ చేసి, "నల్లగా ఉండమ్మా" అంటున్నారు, మా వైపు చల్లగా ఉండు అనేదానికి.

కొత్తూరు ఒక్కటి బూడిద రంగులో ఉంది. ఆ ఊర్లో పాల కేంద్రం లేదు. బైరపల్లికే తెచ్చి పోస్తారు.

ఈయన ఈ రోజు పటం చూసి అడిగినారు. "మన ఊరెందుకు ఇట్లుంది?"

"ఆడ నుంచి ఎవరూ పంపేది లేదు."

"వదినను అడిగితే పంపుతుంది కదా."

"మీరే అడగండి."

అడగలేదు.


జూలై 20

చెన్నమ్మ అక్క సుగంధి ద్వారా కబురు పెట్టింది. డబ్బా పెడతాను, కొలిచి పంపుతాను, గుంపులో చేర్చమని.

చేర్చలేదు.


ఆగస్టు 8

కొత్తూరులో ఈ పంట కూడా సగం పోయిందంట. తోట వాళ్ళింటికి దూరం. కూలోడు తెల్లవారకముందే కోసి తెచ్చినాడు. వాన ఆడ పడిందని వీళ్ళకు తెలియలేదు.

నాకు సంతోషమేమీ లేదు. ఇంట్లో పాలు ఎక్కువగా ఉండినాయి కాబట్టి పాయసం చేసినాను.


ఆగస్టు 18

అసలు పని మొదలుపెట్టినాను.

పటం పుట్టింది జూన్‌లో. నాకు కావాల్సింది మే 19. ఆ రోజు ఎవరూ డబ్బా పెట్టలేదు. కాని ఇప్పుడు అందరి చేతిలో ఫోన్లున్నాయి. ఆదివారం, ముహూర్తాల రోజు. ఫోటోలు తీయకుండా ఉంటారా? ఫోటోకు తేదీ, గంట ఉంటాయి. నేల తడో పొడో తెలుస్తుంది. గుంపులో మాట్లాడి పంపినాను. ఆ ఆదివారం తీసిన ఫోటో ఏదైనా, ఎండైనా వానైనా, పాత ఫైలుగానే పంపండి, పటానికి పనికొస్తుందని.

వచ్చి పడుతున్నాయి. క్రికెట్ ఆట, టమోటా లారీ, అప్పుడే పుట్టిన దూడ, బావిలో ఈత. ఒక్కోదాన్ని దాని ఊర్లో, దాని గంటలో పెడుతున్నాను. చుక్క నొక్కితే ఫోటో తెరుచుకునేట్టు చైత్ర చేసి ఇచ్చింది. ఎందుకని ఈసారి అడగలేదు.


ఆగస్టు 25

మే 19, సాయంత్రం నాలుగు గంటలు. కొత్తూరు చుట్టూ అన్ని ఊర్లూ పసుపు.

ఐదు గంటలు. పసుపు.

మూడుకు జరిపినాను. పసుపు. క్రికెట్ పిల్లల కాళ్ళ దగ్గర దుమ్ము లేస్తూ ఉంది.

పొద్దున ఏడు, ఎనిమిది మధ్య మాత్రం డెంకణికోట రోడ్డు నుంచి బైరపల్లి దాకా నీలం పట్టీ ఒకటి ఉంది. కొత్తూరుకు రెండు పక్కలా. పొద్దున సంగతి నాకు అక్కర్లేదు. పొద్దున ఆకు కోసింది ఈయన కదా.


ఆగస్టు 26

మళ్ళీ చూసినాను. నాలుగు గంటలకు పసుపే.


ఆగస్టు 29

ఫోన్లలో గంట తప్పుగా ఉండవచ్చు. అందరి ఫోన్లలోనూనా అని చైత్ర అడిగింది.


సెప్టెంబరు 7

సుగంధి ఇప్పటికి పంపింది. ఆ ఆదివారం బైరపల్లిలో వాళ్ళ చెల్లెలి గృహప్రవేశం. ఫోటోలు చెల్లెలి ఫోన్లో ఉండిపోయినాయంట. ఫోన్ చేసి మరీ చెప్పింది. "చూడక్కా, ఆవును ఇంట్లోకి తెస్తూ ఉంటే వాన. షామియానా ఒక పక్క కుంగిపోయింది. మా మామ కుర్చీ నెత్తిన పెట్టుకుని నిలబడుకున్నాడు."

చూసినాను. షామియానా అంచు నుంచి నీళ్ళు ధార కడుతున్నాయి. మామ నెత్తిన ఎర్ర కుర్చీ. వెనక, కొత్తూరు తోటల నుంచి బైరపల్లి అంచుగా కొత్తూరు ఊర్లోకి పోయే దారి. దారిలో ఒక బండి. వెనక కట్టిన మల్బరీ ఆకు మోపు, దాని మీద ఏ పట్టా లేదు. నడిపే మనిషి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. నెత్తిన తెల్ల హెల్మెట్, పక్కన ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చిన పచ్చ పట్టీ.

ఏడూ నలభై.

ఊరి దారిలో హెల్మెట్ పెట్టుకుని ఆకు మోసే మగమనిషి మా వైపు ఒక్కరే ఉన్నారు. దానికి అందరూ ఎగతాళి చేస్తారు.

"ఆ హెల్మెట్ ఆయన ఎవరక్కా?" అని సుగంధి అడిగింది.

తెలీదు అన్నాను.


సెప్టెంబరు 8

రాయడానికి ఏమీ లేదు.


సెప్టెంబరు 10

రాయాలి. రాయకపోతే మళ్ళీ నన్ను నేనే మోసం చేసుకుంటాను.

తడి ఆకు పొద్దుటిది. తెచ్చింది ఈయన. తట్టల్లో పరిచింది నేను, ఈ చేతులతోనే. ఆ తడి గోనెపట్టాది కాదు. వాన లేదని ఈయన నాకు చెప్పినారు. వాళ్ళకూ అదే చెప్పి ఉండాలి. పురుగులు చచ్చినాయి. ఎందుకని అందరూ వెతుకుతూ ఉంటే ఊరకుండినారు. వెతుకులాట వచ్చి నా మీద ఆగింది. అప్పుడూ ఊరకుండినారు. నాకు ఆగిపోయిన సంగతి ఈ భూమ్మీద తెలిసిన మగమనిషి ఈయనొక్కరే.

వదినకు ఎదురు చెప్పలేని మెత్తదనం అనుకున్నాను. మూడు నెలలు ఆ మాటను ముద్దు చేసినాను.

నా మీద పడిన మాట ఈయనకు గొడుగయింది.


సెప్టెంబరు 15

దోసె వేస్తూ మామూలుగా అడిగినాను. "ఆ రోజు పొద్దున మీరు ఆకు కోసినప్పుడు వాన లేదు కదా? పటానికి కావాలి."

"ఎన్నిసార్లు చెప్పేది? ఒక్క చుక్క లేదు. రాసుకో."

రాసుకున్నాను.


సెప్టెంబరు 16

నిలదీస్తే ఇంట్లోనే అయిపోతుంది. నాలుగు గోడల మధ్య తప్పయిపోయింది అంటారు, మరుసటి రోజు మరిచిపోతారు. నా మీద మాట పడింది పంక్తిలో. తీసేది కూడా పంక్తిలోనే.

కాచుకుంటాను. నాకు కాచుకోవడం చేతనవును.


అక్టోబరు 6

బావ ఫోన్ చేసినారు. ఎప్పుడూ నాకు చెయ్యరు. "అమ్మా రేణూ, వచ్చే ఆదివారం మా షెడ్డు దగ్గర పట్టువాళ్ళంతా కూడుతున్నారు. నీ పటం చూడాలంటున్నారు. మా ఊరు కూడా చేర్చమ్మా. రెండు పంటలు పోయినాయి, ఇది మూడోది. ఇది కూడా పోతే తోట పెరికేసేదే."

వస్తామని చెప్పినాను.

ఈయనకు ఉత్సాహం వచ్చేసింది. "నేనే చూపిస్తాలే. అందరిముందు మాట్లాడేది నీకు రాదు. గీత ఎట్లా జరపాలో చెప్పు చాలు."

చెప్పినాను. రెండుసార్లు నేర్పించినాను.


అక్టోబరు 12

మధ్యాహ్నం ఈయన క్షవరానికి పోయినప్పుడు ఆ ఫోటోను మే 19లో పెట్టినాను. చోటు బైరపల్లి కాదు. ఆ దారి మొదలయ్యేది కొత్తూరులో. కొత్తూరు చుక్కలోనే పెట్టినాను.




అక్టోబరు 13

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

షెడ్డు ముందర చాపలు పరిచినారు. ఇంట్లో టీవీ తెచ్చి బల్ల మీద పెట్టినారు. ఇరవై ముప్పై మంది ఉంటారు. ఆడవాళ్ళం ఒక పక్క. సుగంధి వచ్చింది, సెల్వం వచ్చినాడు. ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, హెల్మెట్ టీవీ పక్కనే పెట్టి నిలబడుకున్నారు.

"ఇది మా ఇంట్లో తయారైంది" అని మొదలుపెట్టినారు. బాగానే చూపించినారు. నీలం ఇది, పసుపు ఇది.

బావ అన్నారు, "మా ఊరు నొక్కప్పా."

నొక్కినారు. బూడిద. ఏమీ తెరుచుకోలేదు.

"పాత తేదీలో ఉంది బావా" అన్నాను నేను. "మే పంతొమ్మిది."

ఈయన వేలు ఆగిపోయింది. "ఆ రోజుది ఉండదులే. అప్పటికి పటమే లేదు."

"ఉంది. ఊరంతా ఫోటోలు పంపినారు."

చెన్నమ్మ అక్క ముందుకు జరిగింది. "మా పురుగులు పోయిన వారం కదా అది. పెట్టు లోకా, చూద్దాం" అంది ఈయనతో.

పెట్టక తప్పలేదు. గంట గీతను తిన్నగా సాయంత్రం నాలుక్కు తీసుకుపోయినారు. చుట్టూ పసుపు.

"చూసినారా, ఆ దినం వానే లేదు" అంది అక్క, నా వైపు చూస్తూ. "వాన లేనప్పుడు ఇంక దేనివల్ల పోయినట్టు?"

"ఏడున్నరకు జరపండి" అన్నాను.

ఈయన జరపలేదు. సెల్వం లేచి తానే జరిపినాడు. పట్టీ మొత్తం నీలమయింది. నడుమ కొత్తూరు కూడా నీలం. నొక్కినాడు.

టీవీ నిండా వాన. ఎర్ర కుర్చీ. ఆకు మోపు. తెల్ల హెల్మెట్.

సుగంధి నవ్వబోయింది. "ఈ హెల్మెట్ యాడో చూసినానే" అంటూ టీవీ పక్కన ఉండేదాన్ని చూసి, నోరు మూసుకుంది. తరువాత ఒక్కొక్కరే చూసినారు. ముందు టీవీలో దాన్ని, తరువాత బల్ల మీద దాన్ని.

చెన్నమ్మ అక్క టీవీ దగ్గరకు పోయి, వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"లోకా. ఎండలో కోసినానంటివే."

"కొంచెమే వదినా. గాలికి ఆరిపోతుందనుకున్నా. ఆరేదాకా ఎవరు కూర్చునేదని..."

"మరి అడిగినప్పుడు చెప్పేదానికేం?"

ఈయన బావ వైపు చూసినారు. బావ తన కాళ్ళ వైపు చూసుకుంటూ ఉండినారు.

అప్పుడు నేను లేచినాను. అంతమంది మగవాళ్ళ ముందు గొంతు వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది.

"అక్కా, నాకు ఆగిపోయి ఏడాదయింది. నేను షెడ్డులోకి వచ్చిన నాటికే ఆగి చాలా నెలలు. ఈయనకు తెలుసు. నువ్వు పంక్తిలో ఆ మాట అన్నప్పుడు, తెలిసే ఈయన సాంబారు వేయించుకున్నారు."

షెడ్డులో పురుగులు ఆకు నమిలే చప్పుడు వినిపించింది, సన్న వాన పడుతున్నట్టు.

అక్కే మాట్లాడింది. "నాతో చెప్పకూడదా?"

"విస్తరి ముందరనా?"

ఆమె ముఖం ఎర్రబడింది. తప్పని అనలేదు. ఆమె అనదు. లోపలికి పోయి స్టీలు డబ్బా ఒకటి తెచ్చింది. "యాడ పెట్టాలో చూపించు."

చూపించి ఉంటే సరిపోయేది. "సుగంధిని అడుగు, ఆమెకు తెలుసు" అన్నాను.

ఈయన బండిలో వెనక్కి వచ్చినారు. నేను బస్సులో వచ్చినాను.


అక్టోబరు 14

"ఆ ఫోటో తీసెయ్యి రేణూ. అన్ని ఊర్లవాళ్ళూ చూస్తారు."

"ఒక్క చుక్క లేదని రాసుకోమన్నారు కదా. దాని పక్కనే పెట్టినాను."


అక్టోబరు 15

చైత్ర ఆఫీసు బస్సు దిగి నేరుగా వంటింట్లోకి వచ్చింది. ఎవరు చెప్పినారో తెలియదు. ఏమీ అడగకుండా చపాతీలు ఒత్తింది. నాన్నతో మాట్లాడలేదు. మాట్లాడమని నేను చెప్పలేదు.


అక్టోబరు 17

పొద్దున ఆరున్నరకు కొత్త నెంబరు నుంచి కబురు. కొత్తూరు, పదకొండు మిల్లీమీటర్లు. కింద ఫోటో. వాకిలి నడుమ స్టీలు డబ్బా, దగ్గరలో పంచ లేదు, చెట్టు లేదు. స్కేలు పట్టుకున్న చెయ్యి చెన్నమ్మ అక్కది, మణికట్టు దగ్గర పచ్చబొట్టు తెలుస్తూ ఉంది. దాని కింద ఇంకొక వాక్యం. "ఆకు కోయలేదు. ఎండకు కాచుకొని ఉన్నాము."

గుంపులో చేర్చినాను. ఆమె కోసం కాదు. బూడిద చుక్క ఉంటే పటం బాగుండదు.

పంక్తిలో అన్న మాటను పంక్తిలో వెనక్కి తీసుకునేదాకా ఆమెతో నాకు వాన తప్ప వేరే మాట లేదు.

మధ్యాహ్నం ఈయన అన్నానికి వచ్చినారు. ఫ్యాక్టరీలో కూడా ఎవరో పటం చూసినారంట. హెల్మెట్ సార్ అంటున్నారంట. చెప్పి, నేనేమైనా అంటానేమోనని చూసినారు. పటంలో కొత్తూరు నీలం వేస్తూ ఉండినాను.

సగం అన్నం తిని, పళ్ళెం కొంచెం నా వైపు జరిపినారు. సాంబారు గిన్నె నా మోచేతి పక్కనే ఉంది. ఈయనకు అందదు.

సాంబారు కావాలని నోటితో అడగలేదు. నేనూ తల ఎత్తలేదు. పళ్ళెం అట్లే ఉంది.